నర్సన్న పేరు మీద

బొల్లారంలోని ఆ మందుల ఫ్యాక్టరీ కంప్యూటర్లో నర్సన్న పేరు మీద నాలుగు వందల పన్నెండు మార్పులు నమోదై ఉన్నాయి. అందులో నర్సన్న తన చేత్తో చేసింది ఒక్కటీ లేదు. ఈ సంగతి పూర్తిగా తెలిసింది లోకంలో ఇద్దరికే. ఒకరు నర్సన్న, రెండోవారు సుకుమారి. ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఎందుకు మూసుకున్నారో చెప్పే కథే ఇది.

సుకుమారి అక్కడ కాగితాల గుమాస్తా. మెడలో వేలాడే కార్డు మీద మాత్రం డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్ అని రాసి ఉంటుంది. పొద్దున్నే పోతిరెడ్డిపల్లిలో కంపెనీ బస్సెక్కడం, ఏ పని ఎట్లా చెయ్యాలో చెప్పే కాగితాలు అచ్చు తియ్యడం, పెద్దవాళ్ల సంతకాల కోసం గది గదికీ తిరగడం, ఫైల్లో పెట్టి బీరువాకు తాళం వెయ్యడం. పదకొండేళ్లుగా ఇదే పని. ఆ కాగితాల్లో అన్నీ ఉంటాయి, పనిలోని కిటుకు తప్ప. వానకాలంలో మూడో పంపు మొరాయిస్తే ఎక్కడ ఒక దెబ్బ వెయ్యాలో ఏ కాగితంలోనూ ఉండదు. అది పాత ఆపరేటర్ల బుర్రల్లో ఉంటుంది. పోయినేడు ఇద్దరు పాతవాళ్లు రిటైరై వెళ్లిపోతే మూడో బ్లాకు నాలుగు రోజులు దిక్కు లేకుండా నిలబడిపోయింది. శాలువాలు కప్పి ఫొటోలు దిగారు గానీ, వాళ్లకు తెలిసింది ఏమిటని ఒక్కడూ అడగలేదు. అడగాలన్న బుద్ధి ఎవరికి పుట్టాలి?

సుకుమారికి పుట్టింది. వాళ్ల చర్చిలో పాటల వరసలు రాసిపెట్టుకోవడానికి ఒకసారి కంప్యూటర్లో వికీ ఒకటి పెట్టింది. ఐదారు ఊళ్లవాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని, తమకు తెలిసిన వరసలు రాసి, ఒకరి తప్పులు ఒకరు దిద్దారు. ఫ్యాక్టరీకీ అట్లాంటిది పెడితే బాగుంటుందని కొత్తగా వచ్చిన ప్లాంటు మేనేజరు చంద్రకాంత్‌కు చెప్పింది. ఆయన ఈ ప్రాంతంవాడు కాదు, వచ్చి మూడు నెలలైంది.

"ఖర్చెంత?" అన్నాడాయన మొదటి మాటే.

"ఏం లేదు సార్. ఓపెన్ సోర్స్. తయారుచేసినోళ్లు దాని లోపలి రాత అందరికీ ఇడిచిపెట్టిన్రు. మన కంప్యూటర్‌లనే పెట్టుకుంటం, మనకు కావాల్నంటె మార్చుకుంటం. రేపు ఏదో కంపెనీ మూతబడితే మన రాతలు వాళ్లతో పోవు."

"ఫ్రీ అన్నమాట. పెట్టెయ్యండి."

"ఒక్క మాట సార్. ఇది పదిమందికి తెలిసిన ముచ్చట్లు ఒక్కకాడ పోగుచేసెటందుకు. ఎవలైనా రాస్తరు, ఎవలైనా దిద్దుతరు, ఇయ్యాల ఉన్నది రేపటికి మారుతది. ఎంత పొయ్యాలె, ఎప్పుడు వాల్వు తెరవాలె అన్న ఆర్డర్ కాగితం మాత్రం సంతకాలతోనే ఉండాలె. ఈ రెండు కలపొద్దు."

"అలాగే అలాగే" అని ఆయన ఫోనందుకున్నాడు. ఆ అలాగేకు విలువెంతో అప్పుడే తెలిసి ఉంటే సుకుమారి ఆ కంప్యూటర్ వైరు పీకి ఇంటికి పోయేది.

మూడో బ్లాకులో ఒక మూల పాత కంప్యూటర్ పెట్టించి, క్యాంటీన్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది అందరి పుస్తకం, ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లి రాయొచ్చు. ఒకరు తప్పు రాస్తే ఇంకొకరు దిద్దొచ్చు. దిద్దినంత మాత్రాన పాత మాట పోదు, అడుగున చరిత్ర అనే పేజీలో ఉంటుంది. ఎవరు, ఎన్నడు, ఎన్ని గంటలకు, ఏ మాట తీసి ఏ మాట పెట్టారో అన్నీ కనపడతాయి. అవసరమైతే ఒక్క నొక్కుతో పాత మాటను వెనక్కి తెచ్చుకోవచ్చు.

"ఇగ మేం రాస్తే కంపెనీ మునుగుతది మేడం" అన్నాడొకడు. అందరూ నవ్వారు, ఛాయ్ తాగి లేచిపోయారు. వారం రోజులు ఒక్కడూ ఆ మూలకు రాలేదు.

అప్పుడు సుకుమారి నర్సన్నను పట్టుకుంది. నర్సన్నది బొంతపల్లి. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే బ్లాకు, మందు సరుకు ఉడికించే అదే రియాక్టరు. ఇంకో మూడేళ్లయితే రిటైరవుతాడు. ఆయన రాస్తే మిగతావాళ్లు వెనకాలే వస్తారని ఆమె ఆశ. ఆయనేమో ఇవాళ కళ్లద్దాలు తేలేదన్నాడు, రేపన్నాడు, కండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయన్నాడు. చివరికి రెక్క పట్టి కూర్చోబెట్టింది. తెర మీద పైన ఇంత లావు అక్షరాలతో నర్సన్న అని ఉంది.

"నా పేరు పెట్టినవా బిడ్డా? ఏడుంది?" అన్నాడు నర్సన్న.

సుకుమారి వేలు పెట్టి చూపించబోయి ఆగిపోయింది. ఆయనకూ అర్థమైపోయింది. అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పాడు. "నాకు సదువు రాదు. అంకెలొస్తయి, సంతకం వొస్తది, గంతే. కంపెనీల ఉన్న పదో తరగతి సర్టిఫికెట్ నాది గాదు, మా తమ్మునిది. మా నాయన మొక్కు ఉండె, ఇద్దరికి నర్సింలే పేరు. నేను పెద్ద నర్సింలు, వాడు సిన్న నర్సింలు. వాడు సదివిండు, జరమొచ్చి పోయిండు. వాని కాగితం మీద కాంట్రాక్టరు నన్ను పనికి పెట్టిచ్చిండు. ఇది బయట పడితే నన్ను గేటు బయట నూకుతరు. కేసు గూడ పెడ్తరు. నీ కాళ్లు మొక్కుత, ఎవలకు చెప్పకు."

"ఛ, గవేం మాటలు నర్సన్నా" అంది సుకుమారి. "నువ్వు చెప్పు, నేను రాస్త."

అట్లా మొదలైంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నర్సన్న చెబుతూ ఉండేవాడు, ఆమె ఆయన పేరుతో తెరిచి టైపు చేస్తూ ఉండేది. ఆ మనిషి బుర్రలో ఎంత ఉందంటే, పైపు మీద చెయ్యి పెట్టి లోపల ఏం నడుస్తోందో చెప్పగలడు. డ్రమ్ము మూత తీసిన వాసనతోనే సరుకు పాతదో కొత్తదో చెప్పగలడు. ఆయన మాట ఆయన యాసలోనే రాసింది సుకుమారి, ఒక్క ముక్క మార్చలేదు. రియాక్టరు పేజీలో ఒకచోట ఇట్లా ఉండేది: మాల్ తయారయినంక జెర సల్లార్చి కింద వాల్వు ఇప్పాలె. కొంచెం అంటే, ఆ జెర ఎన్ని డిగ్రీలని ఆమె అడిగింది. "డిగ్రీల లెక్క గాదు బిడ్డా. ఎండకాలం ఒకతీరు, సలికాలం ఒకతీరు. మూతకున్న అద్దంల సూస్తే మాల్ జారుతుండాలె, పొగ రావద్దు. గదే జెర" అన్నాడు. అది కూడా కిందనే రాసింది.

తాము తిట్లు తిని నేర్చుకున్న ముచ్చట్లు తెర మీద కనబడేసరికి మిగతావాళ్లకు చేతులు దురద పెట్టాయి. రాయడం మొదలుపెట్టారు. అయితే ఎవరూ తమ పేరుతో రాయలేదు. నర్సన్న పేరుతో తెరిచిన పేజీ ఎప్పుడూ అట్లాగే ఉండేది, దాంట్లోనే రాసేవాళ్లు. షిఫ్టు రిజిస్టర్లో కూడా వాళ్ల అలవాటు అదే, తేడా వచ్చే పనైతే పెద్దమనిషి పేరు మీద వేసి చేతులు దులుపుకోవడం.

"ఎవరి పేరుతో వాళ్లు రాయాలె" అని సుకుమారి ఒకసారి గట్టిగానే అంది.

"మా పేరుంటే రేపు మమ్ములనే అడ్గుతరు మేడం. నర్సన్నను ఎవడడుగుతడు? నర్సన్న పేరు మీదనే ఉండనియ్యి" అన్నారు.

ఇన్నాళ్లకు రాస్తున్నారు, మళ్లీ ఆపేస్తారేమోనన్న భయంతో ఊరుకుంది. ఆ పుస్తకం కాపలాదారు తనే అయి ఉండీ ఊరుకుంది. అది ఆమె తప్పు, తర్వాత ఎన్నిసార్లు తలకొట్టుకున్నా తీరని తప్పు. నర్సన్న మాత్రం మురిసిపోయేవాడు. "ఇయ్యాల ఎన్ని రాసిన బిడ్డా?" అని అడిగేవాడు. మూడు వందలు దాటినవంటే, చదువుకున్న తమ్ముడు గుర్తొచ్చేవాడో ఏమో, కండువాతో మొహం తుడుచుకునేవాడు.

ఇంతలో సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నామన్నారు. వాళ్లకు రియాక్టరు దగ్గర ఎప్పటికప్పుడు మెరుగుపరిచిన పని పద్ధతి కనబడాలట. చంద్రకాంత్‌కు ఎక్కడలేని హుషారొచ్చింది. వికీ పేజీలు అచ్చు తీసి ప్లాస్టిక్ అట్టలు వేయించి రియాక్టర్లకు వేలాడదీయమన్నాడు. "ఇకమీదట ఇదే ఆర్డరు" అన్నాడు.

"సార్, ఇది వద్దని మొదలే చెప్పిన. దీన్ని ఎవలూ సరిచూసి సంతకం పెట్టలే."

"సంతకాల కాగితం తయారు కావాలంటే మీకు ఆరు వారాలు కావాలి. నాకు సోమవారానికి కావాలి. అదీకాక ఆ భాషేమిటండీ, ఇప్పాలె, సూడాలె? వచ్చేవాళ్ల పక్కన దుబాసీ ఉంటాడు, చదివి నవ్వుతాడు. నేనే ఒకసారి శుభ్రం చేస్తాను."

శుభ్రం చేశాడు. బుధవారం పొద్దున మూడో బ్లాకు మూలన కూర్చుని, తెరిచి ఉన్న పేజీలోనే టకటకా దిద్దుకుంటూ పోయాడు. ఫోనొచ్చిందని చెప్పడానికి వెళ్లిన సుకుమారి కళ్లారా చూసింది. ఆ వారమంతా తనిఖీ ఫైళ్లతో ఆమెకు ఊపిరాడలేదు. వికీలో కొత్త మార్పుల జాబితా రోజూ చూసే మనిషి, ఆ నాలుగు రోజులు చూడలేదు. అట్టలు వచ్చాయి, వేలాడాయి. తనిఖీవాళ్లు వచ్చారు, తలలూపారు, బిర్యానీ తిని వెళ్లారు. పని చేతిలో ఉన్న పాతవాళ్లెవరూ ఆ అట్టల వంక చూడలేదు.

ఆ తర్వాతి వారం పాండు చేతులు కాలాయి.

పాండుదీ బొంతపల్లే. ప్యాకింగులో ఆరేళ్లు అట్టపెట్టెలు అంటించాడు. వాళ్లమ్మ సంగమ్మ నర్సన్న ఇంటికి పోయి, నా కొడుకును నీ దగ్గర రియాక్టరు పనిలో పెట్టించమని బతిమాలితే, నర్సన్నే సూపర్‌వైజరుకు చెప్పి మార్పించాడు. మొదటిసారి పాండు ఒక్కడే రియాక్టరు దగ్గర నిలబడ్డ రోజు నర్సన్నది రెండో షిఫ్టు. పాండు అట్ట చదువుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాడు. మాల్ జీరోకు చల్లార్చి కింది వాల్వు తెరవాలని ఉంది. చల్లటి నీళ్లు తిప్పి తిప్పి జీరోకు తెచ్చాడు. లోపల సరుకంతా రాయిలా గడ్డకట్టింది. వాల్వు తెరిస్తే చుక్క రాలేదు. కంగారుపడి, గడ్డ కరగాలని ఆవిరి పెట్టాడు, మూత వదులు చేసి చూడబోయాడు. అడుగున కరిగి ఉడుకుతున్నది ఒక్కసారిగా ఎగదన్నింది. రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి.

సుకుమారి పరుగున వచ్చి చరిత్ర పేజీ తెరిచింది. ఎడమవైపు పాత మాట, జెర సల్లార్చి. కుడివైపు కొత్త మాట, జీరోకు చల్లార్చి. జెర అనే మాట తెలియని మనిషి, అది అచ్చుతప్పనుకుని దిద్దాడు. అద్దంలో చూడాలన్న వాక్యం మొత్తానికే తీసేశాడు. తేదీ బుధవారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. దిద్దినవారు: నర్సన్న.

ఆ బుధవారం బొంతపల్లి వీరన్న జాతర. నర్సన్న సెలవులో ఉన్నాడు.

ఒళ్లు మండిపోయి మేనేజరు గదికి వెళ్లింది. "సార్, గా రోజు మీరు దిద్దంగ నేను చూసిన. నర్సన్న ఆ రోజు గేటు లోపటికే రాలే."

చంద్రకాంత్ మొహం ఒక్క క్షణం తెల్లబోయింది, అంతే. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నేను చాలా పేజీలు చూశాను. ఈ మాట నేను మార్చినట్టు గుర్తు లేదు. మీ సాఫ్ట్‌వేరు ఎవరి పేరు చెబుతోంది? ఎవరు దిద్దారో అందులో కనపడుతుందని క్యాంటీన్లో మీరేగా అన్నారు? కాదంటే చెప్పండి, ఒకడి పేరు మీద ఊరంతా రాస్తుంటే ఇన్నాళ్లూ మీరేం చేస్తున్నారు? విచారణలో మొదటి ప్రశ్న మీకే వస్తుంది." ఆ వెంటనే గొంతు తగ్గించి మెత్తగా అన్నాడు. "ముసలాడి నోటి దగ్గర కూడు తియ్యాలని నాకు మాత్రం ఉందా? పొరపాటు తనదేనని రాసిస్తే మెమోతో పోతుంది. యార్డుకు మారుస్తాను. రిటైరయ్యేదాకా నీడపట్టున ఉంటాడు."

మధ్యాహ్నం సైకిల్ స్టాండులో నర్సన్నను కలిసింది. "గేటు రిజిస్టర్ ఉన్నది నర్సన్నా. నువ్వు ఆ రోజు రాలేవని దాంట్ల ఉన్నది. నేను సూసింది గూడ చెప్త. నా నౌకరి పోతే పోనీ."

నర్సన్న తల అడ్డంగా ఊపాడు. "చెప్తవు. నర్సన్న లేని రోజు నర్సన్న పేరు మీద ఎవడు రాసిండు అంటరు. మరి మిగిలిన నాల్గు నూర్లు ఎవడు రాసిండు అంటరు. ఏదీ, ఒక్క లైను నా ముందట రాయి నర్సన్నా, అంటరు. అప్పుడేం జేద్దాం చెప్పు?"

ఆ జవాబూ నర్సన్నే చెప్పాడు.

"సర్టిఫికెట్ బయట పడ్తది. ఇరవై ఎనిమిదేండ్లు దొంగ పేరు మీద తిన్న అంటరు. మా తమ్ముని పేరు గూడ బజార్ల పడ్తది. వొద్దు బిడ్డా. తప్పు రాసినోన్ని అనిపించుకుంట, దొంగ అనిపించుకోను."

"మరి పాండు?"

నర్సన్న చూపు మూడో బ్లాకు వైపు పోయింది. "వాన్ని నేనే గద తెచ్చి ఆడ నిలవెట్టిన" అన్నాడు.

విచారణ అరగంటలో అయిపోయింది. చంద్రకాంత్, హెచ్చార్ రేఖ మేడం, ఒక వీడియో కెమెరా. చరిత్ర పేజీ అచ్చు సుకుమారే తీసిచ్చింది. మీరే రాశారా అంటే నర్సన్న నేనే రాసిన అన్నాడు. రేఖ మేడం తెల్ల కాగితం, పెన్ను ఆయన ముందుకు జరిపింది. "జరిగింది మీ సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టండి."

నర్సన్న ఆ కాగితం వంక చూశాడు. పెన్ను తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టాడు. మెడ వెనక చెమట కారి చొక్కా కాలరు తడిసిపోవడం సుకుమారికి కనబడుతోంది.

"అద్దాలు తేలేదు మేడం" అన్నాడు. "సుకుమారమ్మ రాస్తది. నేను చెప్త."

రేఖ మేడం చంద్రకాంత్ వైపు చూసింది. ఆయన నర్సన్న జేబు వైపు చూశాడు. కళ్లజోడు జేబులోంచి సగం బయటికే ఉంది. చంద్రకాంత్‌కు అంతా అర్థమైపోయినట్టే ఉంది, పెదవి ఒక వైపు వంగింది. ఆయనకు రాయడం రాదని బయటపడితే నింద తన మీదికొస్తుంది కాబట్టి, "పర్లేదు, ఆవిడే రాస్తారు లెండి" అన్నాడు.

సుకుమారి రాసింది. ఆ మనిషి చెప్పిన ఎన్నో నిజాలు రాసిన చేత్తో, ఆయన చెప్పిన ఒక్క అబద్ధాన్నీ రాసింది. జెర అన్న మాటను తీసి జీరో అన్న మాట పెట్టింది నేనే. నా అజాగ్రత్త వల్ల పాండు చేతులు కాలినాయి. నర్సన్న కింద సంతకం పెట్టాడు. నర్సింలు అన్న మూడు అక్షరాలు ఎంత కుదురుగా పెట్టాడంటే, చూసినవాళ్లెవరూ ఇంకేమీ అడగరు.

మెమోతో పోతుందన్నది ఉత్తమాటే. శనివారం పొద్దున ఆ కాగితం జతచేసి, ఘోర నిర్లక్ష్యమని రాసి, ఆయన్ను పనిలోంచి తీసేశారు. పాండు ఇంటివాళ్లు ఎవరిది తప్పని గోల చేస్తున్నారని దాని నకలు ఒకటి సంగమ్మకూ ఇచ్చి పంపారు. కంపెనీ తప్పు కాదని తేలాలి కదా మరి.

సుకుమారి నర్సన్నను సాగనంపడానికి గేటు దాకా వచ్చింది. ఆయన చేతిలో టిఫిను డబ్బా, తువ్వాలు, ఇరవై ఎనిమిదేళ్లు తొడిగిన పాత బూట్లు ఉన్నాయి. గేటు బయట షేర్ ఆటోల దగ్గర సంగమ్మ నిలబడి ఉంది, నకలు కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని. నర్సన్నను చూడలేదు, నేరుగా సుకుమారి దగ్గరికొచ్చింది.

"ఆఫీసుల ఇచ్చిన్రు బిడ్డా. నాకు సదువు రాదు. ఏమున్నదో జెర సదివి చెప్పు."

"అమ్మా, తర్వాత సదువుత" అంది సుకుమారి.

"లేదు, ఇప్పుడే సదువు. నా కొడుకు చేతులెట్ల కాలినయో నాకెరుక కావాలె."

సుకుమారి నర్సన్న వైపు చూసింది. ఆయన చదువు అన్నట్టు తల ఊపాడు. తన దస్తూరీ తనే చదివింది. జెర తీసి జీరో పెట్టింది నేనే అన్న చోట ఆమె కాగితం మడవబోయింది. సంగమ్మ వదలలేదు, అయిపోయేదాకా చదివించింది. విన్నాక కాగితం లాక్కుని నర్సన్న ముందుకు పోయి నిలబడింది.

"నీ ఇంటికొచ్చి నీ కాళ్లు పట్టుకున్న గదరా" అంది. ఏడవలేదు, అరవలేదు. "నువ్వు సదువుకున్నోనివి, నీ పక్కన ఉంటే నా కొడుకు నాల్గు ముక్కలు నేర్సుకుంటడనుకున్న. గిదా నీ సదువు? గీ సదువుకన్న ఏమీ రాని నేనే నయం గద."

నర్సన్న నోరు తెరిచాడు. ఇప్పుడైనా నిజం చెబుతాడనుకుంది సుకుమారి.

"అవునక్కా" అన్నాడు నర్సన్న. "నువ్వే నయం."